గోదావరి జిల్లాల్లో .32 తూటాయే ఎందుకు?

భీమవరంలోనో, అమలాపురంలోనో ఆత్మరక్షణకు లైసెన్సు పొందిన వ్యక్తి ఏ తూటా మేలని వెతికితే ఎదురయ్యేవి ఎక్కువగా అమెరికన్ల వాదనలే. 9 ఎంఎం మంచిదా, .45 మంచిదా (తూటా వ్యాసం మొదటిదాంట్లో మిల్లీమీటర్లలో, చుక్క ఉన్నవాటిలో అంగుళాల్లో) అన్న ఆ పోలిక ఇక్కడ దాదాపు చెల్లదు. మన ఎంపికను చట్టం ఎప్పుడో చేసేసింది.

1857 తిరుగుబాటు చూసిన పాలకులు 1878లో ఆయుధ చట్టం తెచ్చారు. భారతీయులకు లైసెన్సు తప్పనిసరి, యూరోపియన్లకు మినహాయింపు. ప్రభుత్వ తూటాలే తమపైకి తిరుగుతాయన్న భయమూ వారికి ఉండేది. అది ఉత్త ఊహ కాదని డెల్టాకు ఎగువన ఉన్న మన్యమే చూపింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు రోజులు దాడి చేసి తుపాకులు, తూటాలు పట్టుకెళ్లింది.

1959లో కొత్త చట్టం వచ్చినా ఆ జాగ్రత్త పోలేదు. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం, .45 తూటాలు, పాత బ్రిటిష్ .380, .455 తూటాలు పట్టే చేతి తుపాకులన్నీ 2016 ఆయుధ నిబంధనల్లోనూ నిషిద్ధ బోరు (సామాన్యుడికి అనుమతి లేని గొట్టపు కొలత) కిందే ఉన్నాయి. సామాన్యుడికి ప్రధానంగా మిగిలింది .32. ఇందులోనూ రెండు రకాలున్నాయి: 1896 నాటి రివాల్వర్ తూటా, 1899లో వచ్చిన బ్రౌనింగ్ పిస్టల్ తూటా. ఒకదాని బదులు మరొకటి వాడకూడదు.

బలంలో తేడా పెద్దదే. రివాల్వర్ .32 గుండు సుమారు 6.4 గ్రాములు, వేగం సెకనుకు 220 మీటర్ల చుట్టూ ఉంటుంది. 9 ఎంఎం గుండు 7.5 గ్రాములతో 360 మీటర్ల వేగాన వెళ్తుంది. అంటే శక్తి మూడింతలు. .32 బలహీనమన్న ఫిర్యాదు నిజమే. అయినా కోనసీమ పెంకుటిళ్లలో, రాజమహేంద్రవరం ఇరుకు వీధుల్లో నాకు ఎక్కువ దిగులు కలిగించేది గురి తప్పిన గుండు. పలుచని తలుపు దాన్ని ఆపదు. అవతల పక్కింటివాళ్లు ఉంటారు.

ఒంట్లో విచ్చుకుని ఆగిపోయే గుల్ల కొన తూటాను అమెరికాలో మెచ్చుకునేది అందుకే. విచ్చుకునే తూటాల చరిత్రలో మన దేశానికీ చోటుంది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారంలో 1890లలో బ్రిటిష్ సైన్యం అలాంటివి తయారుచేసింది. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో వాటిని నిషేధించింది.

ఆత్మరక్షణ హక్కు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో ఉంది. అవసరానికి మించి హాని చేయరాదన్న పాత షరతు అందులోనూ కొనసాగుతోంది. ఎన్నికల వేళ అధికారులు ఆదేశిస్తే ఆ .32నూ ఠాణాలో అప్పగించాల్సిందే.