సగటు రేటు దగ్గరే దొరికిపోతాం: షీట్‌లో షరతు లెక్కలపై అపోహలు, వాస్తవాలు

మా పాలకొల్లు వైపు సార్వా (ఖరీఫ్) వరి కోతలు మొదలయ్యాయంటే మిల్లు ఆఫీసులో రోజూ సాయంత్రం ఒకటే ప్రశ్న.

"అమ్మాయ్, స్వర్ణ రకం వడ్లు సగటున బస్తా ఎంతకు పడ్డాయి?"

"ఆయ్, చూస్తున్నానండి."

చూడ్డానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషంలో వచ్చిన అంకె తప్పైతే మర్నాడు పొద్దున్న యజమాని ఆ అంకె పట్టుకునే బేరం ఆడతారు. వడ్ల మిల్లులకూ, రొయ్యల రైతులకూ షీట్లు రాసిపెట్టడం నా పని. ఎక్సెల్ నేర్చుకుంటున్న పిల్లలు నా దగ్గరికొచ్చి అడిగే మాటల్లో, పెద్ద అకౌంటెంట్లు ధైర్యంగా చెప్పే మాటల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ వినబడుతుంటాయి. అవే ఇక్కడ రాస్తున్నా. ఫార్ములాలు తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను గానీ, షీట్‌లో ఫంక్షన్ పేర్లు, కాలమ్ పేర్లు మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టాలి. రకాల పేర్లు మాత్రం తెలుగులో ఉన్నా ఎక్సెల్‌కు ఏ ఇబ్బందీ లేదు.

అపోహ: రేట్ల కాలమ్‌కు యావరేజ్ కొడితే సగటు రేటు వచ్చేస్తుంది.

అది వచ్చేది రేట్ల సగటు. సరుకు సగటు కాదు. మూడు చెరువుల వనామీ రొయ్యల పట్టుబడి అనుకుందాం. 30 కౌంటు (కిలోకు 30 రొయ్యలు తూగేవి) 200 కిలోలు, కిలో 480 రూపాయలు. 40 కౌంటు 500 కిలోలు, 400 రూపాయలు. 60 కౌంటు 1,300 కిలోలు, 310 రూపాయలు. (రేట్లు లెక్క కోసం వేసుకున్నవి, ఇవాళ్టి మార్కెట్ కాదు.) మూడు రేట్లూ కలిపి మూడుతో భాగిస్తే 396 రూపాయల 67 పైసలు. కానీ చేతికొచ్చిన డబ్బు 6,99,000. సరుకు 2,000 కిలోలు. అంటే కిలోకు పడింది 349 రూపాయల 50 పైసలే. మొదటి అంకె నమ్మిన రైతు మనసులో 94 వేల రూపాయలకు పైగా లేని డబ్బు ఉన్నట్టు లెక్క.

సరుకు సగటు తీయడానికి ఎక్సెల్‌లో సమ్‌ప్రోడక్ట్ అనే ఫంక్షన్ ఉంది. కిలోల కాలమ్‌నూ రేటు కాలమ్‌నూ వరుసకు వరుస గుణించి, అన్నీ కూడుతుంది. దాన్ని మొత్తం కిలోలతో భాగిస్తే సగటు. గూగుల్ షీట్స్‌లో ఇందుకోసం యావరేజ్ డాట్ వెయిటెడ్ అని విడిగా ఒక ఫంక్షనే ఉంది. ఎక్సెల్‌లో అది లేదు, సమ్‌ప్రోడక్టే దిక్కు.

అపోహ: దేనికైనా కిలోలతోనే బరువు వేయాలి.

బరువు వేయడమంటే సగటు తీసేముందు ఒక్కో అంకెనూ దాని పరిమాణంతో గుణించడం, పైన రేటును కిలోలతో గుణించినట్టు. ఈ అపోహ బాగా చదువుకున్నవాళ్లకూ తగులుతుంది, అందుకే కాస్త ఆగుతాను. పై పట్టుబడిలోనే సగటు కౌంటు ఎంత? కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు అని. కాబట్టి కిలోలతో గుణిస్తే రొయ్యల సంఖ్య వస్తుంది: 6,000, 20,000, 78,000. మొత్తం 1,04,000 రొయ్యలు, 2,000 కిలోలు. సగటు 52 కౌంటు. ఇంతవరకూ సరే.

ఇప్పుడు అదే సరుకును గ్రాముల్లో రాసే షీట్ ఒకటి ఉందనుకోండి. 30 కౌంటు అంటే రొయ్య 33.33 గ్రాములు, 40 అంటే 25, 60 అంటే 16.67. వీటికి కూడా కిలోలతోనే బరువు వేస్తే సగటు 20.42 గ్రాములు వస్తుంది. వెయ్యిని దానితో భాగిస్తే 49 కౌంటు! ఒకే సరుకు, ఒక షీట్‌లో 52, ఇంకో షీట్‌లో 49. కొనేవాడికీ అమ్మేవాడికీ గొడవ మొదలవడానికి ఇది చాలు. గ్రాములనేది రొయ్యకు ఇంత అనే లెక్క. దానికి బరువు రొయ్యల సంఖ్యతో వేయాలి. అలా వేస్తే 19.23 గ్రాములు, మళ్లీ 52 కౌంటే.

ఆ "కు" అనే అక్షరం పక్కన ఏముందో చూడండి. కిలోకు ఇన్ని అంటే కిలోలు, రొయ్యకు ఇంత అంటే రొయ్యలు, బస్తాకు ఇంత అంటే బస్తాలు. నేను పిల్లలకు ఇంతకన్నా పెద్ద సూత్రం ఏదీ చెప్పను.

మేత లెక్కా అంతే. ఒక చెరువులో 2,600 కిలోల మేతకు 2,000 కిలోల రొయ్య, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకు పట్టిన మేత) 1.3. పక్క చెరువులో జబ్బు తగిలి 1,200 కిలోల మేతకు 500 కిలోలే, 2.4. రెండింటి సగటు 1.85 అని చెప్పి రైతుకు టెన్షన్ పెట్టకండి. 3,800ను 2,500తో భాగిస్తే 1.52.

అపోహ: సగటు తీసే భాగహారంలో షరతు పైభాగానికి పెడితే చాలు.

నా దగ్గరికి వచ్చే తప్పు షీట్లలో సగం ఇదే. బి కాలమ్‌లో రకం, సి లో బస్తాలు, డి లో బస్తా రేటు. స్వర్ణ ఒక్కదానికే సగటు కావాలి. పైన షరతు శుభ్రంగా పెడతారు:

=సమ్‌ప్రోడక్ట్((బి2:బి200="స్వర్ణ")*సి2:సి200*డి2:డి200)

బి లో స్వర్ణ ఉన్న వరుసకు 1, లేనిదానికి 0. సున్నాతో గుణించిన వరుస లెక్కలోంచి పోతుంది. ఇక్కడిదాకా అందం. ఆ తర్వాత కింద భాగహారానికి వచ్చేసరికి సమ్ అని మొత్తం సి కాలమ్ వేసేస్తారు.

స్వర్ణ 100 బస్తాలు 1,750కి, 300 బస్తాలు 1,700కి కొన్నాం. మొత్తం 6,85,000. నాలుగు వందలతో భాగిస్తే 1,712 రూపాయల 50 పైసలు. అదే షీట్‌లో 1061 రకం 200 బస్తాలు కూడా ఉంటే, ఆరు వందలతో భాగించి 1,142 అని వస్తుంది. ఆ అంకె చూసి ఎవరైనా నవ్వుతారు, తప్పు అక్కడే దొరుకుతుంది. కానీ 1061 పది బస్తాలే ఉందనుకోండి. అప్పుడొచ్చేది 1,671. ఆ రేటుకు వడ్లు దొరకడం అసాధ్యమేమీ కాదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చిన్న తప్పులోనే నాకు భయమెక్కువ.

కింద కూడా స్వర్ణ బస్తాలను మాత్రమే కూడాలి, ఇలా:

=సమ్‌ఇఫ్స్(సి2:సి200,బి2:బి200,"స్వర్ణ")

అసలు స్వర్ణ కొనుగోలే లేని వారం ఈ విలువ సున్నా అయి, సగటు దగ్గర సున్నాతో భాగించావనే ఎర్రర్ వస్తుంది. దాన్ని దాచడానికి చాలామంది ఇఫ్‌ఎర్రర్ పెట్టి 0 చూపిస్తారు. సగటు రేటు సున్నా అంటే వడ్లు ఉచితంగా వచ్చాయనా? ఖాళీగా వదిలేయండి.

అపోహ: స్వర్ణ అని రాస్తే స్వర్ణ మొత్తం వచ్చేస్తుంది.

మా పక్కనే ఉన్న మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 7029 రకమే స్వర్ణ. ఒక గుమస్తా "స్వర్ణ" అని రాస్తాడు, ఇంకొకడు "7029" అని రాస్తాడు, మూడోవాడు స్వర్ణ తర్వాత స్పేస్ కొట్టి వదిలేస్తాడు. ఎక్సెల్‌కు ఇవి మూడు రకాలు. స్పేస్‌లు ట్రిమ్‌తో పోతాయి. రెండు పేర్లనూ కలపాలంటే రెండు షరతుల మధ్య ప్లస్ పెట్టాలి. ఆండ్, ఆర్ ఫంక్షన్లను సమ్‌ప్రోడక్ట్ లోపల పెట్టి లాభం లేదు. అవి కాలమ్ మొత్తానికీ కలిపి ఒకే జవాబు ఇస్తాయి.

ప్లస్‌లోనూ ఒక మెలిక. ఒకే కాలమ్‌లో రెండు పేర్లయితే ఏ వరుసా రెండూ కాలేదు కాబట్టి ఫర్వాలేదు. కానీ "స్వర్ణ అయినా సరే, ఆచంట సరుకైనా సరే" అని రెండు వేరే కాలమ్‌ల మీద షరతులు పెడితే, ఆచంట స్వర్ణకు 1+1 కలిసి 2 అవుతుంది. ఆ సరుకు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. మొత్తం షరతును బ్రాకెట్‌లో పెట్టి, సున్నా కన్నా ఎక్కువా అని అడగాలి.

దీనికన్నా రకాల పేర్లకు డ్రాప్‌డౌన్ పెట్టుకోవడం మేలు. గుమస్తాలు రెండు రోజులు తిట్టుకుంటారు, మూడో రోజుకు అలవాటవుతుంది.

అపోహ: సమ్‌ఇఫ్ తెలిస్తే సమ్‌ఇఫ్స్ కూడా తెలిసినట్టే.

సమ్‌ఇఫ్‌లో కూడాల్సిన కాలమ్ చివర వస్తుంది. 2007లో వచ్చిన సమ్‌ఇఫ్స్‌లో అదే మొదట వస్తుంది. పైగా రెండు కాలమ్‌ల పొడవు తేడాగా ఉంటే సమ్‌ఇఫ్స్ ఎర్రర్ ఇచ్చి అరుస్తుంది. సమ్‌ఇఫ్ మాత్రం తనే సర్దుకుని ఏదో ఒక జవాబు ఇస్తుంది. ఒక్క షరతైనా సరే నేను సమ్‌ఇఫ్స్ వాడేది అందుకే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి: బస్తాలను రేటుతో గుణించడం ఈ రెండింటికీ రాదు. ఉన్న కాలమ్‌ను కూడడం వరకే వాటి పని.

అపోహ: విడిగా ఇంకో కాలమ్ పెట్టి గుణించుకోవడం చేతకానివాళ్ల పద్ధతి.

నేను రోజూ చేసేది అదే. డి పక్కనున్న ఇ కాలమ్‌లో బస్తాలు ఇంటూ రేటు, దాని మీద సమ్‌ఇఫ్స్. యజమాని ఆ కాలమ్‌ను వేలితో చూపిస్తూ చీటీతో సరిచూసుకోగలరు. మూడు బ్రాకెట్ల సమ్‌ప్రోడక్ట్‌ను ఆయన సరిచూడలేరు కదా.

అపోహ: అంకెలా కనిపిస్తే అంకే.

వాట్సాప్‌లోంచి కాపీ చేసిన 75 ఒక్కోసారి టెక్స్ట్‌గా కూర్చుంటుంది. అక్కడ జరిగేది వింటే చాలామంది నమ్మరు. సమ్‌ప్రోడక్ట్‌లో స్టార్ గుర్తుతో గుణిస్తే ఆ టెక్స్ట్ 75 అంకెగా మారి లెక్కలోకి వస్తుంది. కింద ఉన్న సమ్‌ఇఫ్స్ మాత్రం దాన్ని టెక్స్ట్‌గానే చూసి వదిలేస్తుంది. డబ్బు లెక్కలో పడింది, బస్తాలు పడలేదు. సగటు రేటు పెరుగుతుంది, ఎర్రరేమీ రాదు. స్టార్ బదులు కామాలు వాడితే ఆ వరుసను సమ్‌ప్రోడక్ట్ సున్నాగా తీసుకుంటుంది, చప్పుడు చేయకుండా. "75 బస్తాలు" అని మాటతో సహా ఉంటే స్టార్ ఎర్రర్ ఇస్తుంది. అరిచే ఫార్ములానే నాకిష్టం, కాబట్టి స్టారే.

ఇక క్వింటాళ్లు, కిలోలు. కాటా చీటీ మీద 12-60 అని ఉంటుంది, 12 క్వింటాళ్ల 60 కిలోలు. అలాగే కొడితే ఎక్సెల్ దాన్ని 1960 డిసెంబరు ఒకటో తారీఖుగా తీసుకుంటుంది. ఆ తారీఖు లోపల దాచుకున్న అంకె 22,251. పన్నెండున్నర క్వింటాళ్ల రైతు ఒక్క దెబ్బతో ఇరవై రెండు వేల క్వింటాళ్ల ఆసామి అయిపోతాడు! 12.60 అని చుక్క పెట్టి కొట్టాలి. ఐదు కిలోలైతే 12.05, 12.5 కాదు.

అపోహ: తేమ శాతాన్ని బట్టి తరుగు తీసే స్లాబులకు ఇఫ్ మీద ఇఫ్ వేసుకుంటూ పోవాలి.

వేయొచ్చు. 2003 ఎక్సెల్‌లో ఏడు దాకా, 2007 నుంచి 64 దాకా ఒకదానిలో ఒకటి పెట్టొచ్చు. కానీ తరుగు మారినప్పుడల్లా ఫార్ములా తెరవాల్సి వస్తుంది. పక్కన చిన్న పట్టిక వేసి, తేమ శాతం చిన్నది నుంచి పెద్దదానికి పేర్చి, వీ-లుకప్ ఫంక్షన్‌ను దగ్గరి విలువ పద్ధతిలో వాడితే చాలు. పేర్చడం తప్పితే జవాబూ తప్పుతుంది.

తేమ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ప్రభుత్వ కొనుగోలులో తేమ పరిమితి 17 శాతం. 22 శాతం ఉన్న వంద కిలోలు ఆరబెట్టి 17కు తెస్తే ఐదు కిలోలు తగ్గుతాయని మా దగ్గర అందరి నమ్మకం. వందలో 78 కిలోలు పొడి పదార్థం. ఆరిన తర్వాత ఆ 78 కిలోలే మొత్తంలో 83 శాతం కావాలి. 78ని 0.83తో భాగిస్తే 93.98. అంటే తగ్గేది ఆరు కిలోలు. లారీ లోడు మీద ఆ ఒక్క కిలో తేడా ఎంతవుతుందో మిల్లువాళ్లకు చెప్పక్కర్లేదు.

అపోహ: ఫిల్టర్ పెడితే ఫార్ములా కూడా ఫిల్టర్ అవుతుంది.

కాదు. సమ్‌ప్రోడక్ట్, సమ్‌ఇఫ్స్ దాగిన వరుసలనూ కలుపుతాయి. కనిపించేవే కావాలంటే సబ్‌టోటల్ వాడాలి.

అపోహ: ఒకసారి సరిగ్గా వచ్చిన ఫార్ములా ఎప్పటికీ సరిగ్గానే వస్తుంది.

ఇది నా తప్పే. నేను ఈ పనికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక మిల్లుకు షీట్ చేసిచ్చాను. ఫార్ములా 200వ వరుసతో ఆగింది. కోతలు ఊపందుకుని వరుసలు మూడు వందలు దాటాయి. పైన భాగం 200 దగ్గరే ఆగింది, కింద భాగం కూడా 200 దగ్గరే ఆగింది. రెండూ కలిసి ఆగడం వల్ల సగటు మాత్రం ముద్దుగా, నమ్మేలా వస్తూనే ఉంది. షీట్ చూసి ఎవరూ పట్టుకోలేదు, నేనూ పట్టుకోలేదు. పట్టుకున్నది కాటా దగ్గర కూర్చునే పెద్దాయన.

"అమ్మాయ్, చీటీల కట్ట చూస్తే లావుగా ఉంది, నీ లెక్కేమో సన్నగా ఉందేంటమ్మా?" అన్నాడు.

అప్పట్నుంచి డేటాను కంట్రోల్ టి కొట్టి టేబుల్‌గా మార్చాకే ఫార్ములా రాస్తున్నాను. వరుసలు పెరిగితే అదీ పెరుగుతుంది. బి:బి అని కాలమ్ మొత్తం ఇవ్వడం సమ్‌ఇఫ్స్‌కు ఫర్వాలేదు గానీ, సమ్‌ప్రోడక్ట్‌కు వద్దు. పదిన్నర లక్షల వరుసలు గుణించుకుంటూ కూర్చుంటుంది, పైగా రేటు, బస్తాల కాలమ్‌ల పైనున్న పేర్లను గుణించబోయి ఎర్రర్ ఇస్తుంది.

ఇంకా ప్రతి షీట్ నెత్తిన మూడు సెల్స్ పెడతాను. షీట్ లెక్కలోకి వచ్చిన బస్తాలు, కాటా పుస్తకంలోని బస్తాలు, రెండింటి తేడా. తేడా సున్నా కాకపోతే ఆ సెల్ ఎర్రగా మారుతుంది. కాటా పుస్తకం అంకె మాత్రం ఫార్ములాతో రానివ్వను. రోజూ సాయంత్రం ఆ పెద్దాయనే చదివి చెబుతాడు, నేను కొడతాను.