3,830 బ్లాకులు: వెంబన్యామా అందుకోగలడా?

బాస్కెట్‌బాల్‌లో ఎదుటివాడు రింగ్ వైపు వేసిన బంతిని గాల్లోనే చేత్తో ఆపేస్తే దాన్ని బ్లాక్ అంటారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కెరీర్ మొత్తం మీద ఎక్కువ షాట్లు బ్లాక్ చేసిన ఆటగాడు హకీమ్ ఒలాజువాన్. 1984 నుంచి 2002 వరకు 1,238 మ్యాచ్‌లు ఆడి 3,830 బ్లాకులు చేశాడు. చివరి సీజన్ తప్ప మిగతా కెరీరంతా హ్యూస్టన్‌లోనే గడిచింది. అక్కడి నుంచి కారులో మూడు గంటలు పోతే శాన్ ఆంటోనియో వస్తుంది. ఇప్పుడు ఆ రికార్డు మీద కన్నేసిన కుర్రాడు అక్కడే ఆడుతున్నాడు. పేరు విక్టర్ వెంబన్యామా. 2004 జనవరిలో ఫ్రాన్స్‌లో పుట్టాడు. ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు, చేతులు బార్లా చాపితే ఈ చివర నుంచి ఆ చివరకి 8 అడుగులు. మొదటి సీజన్‌లోనే 71 మ్యాచ్‌ల్లో 254 బ్లాకులు చేసి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. కొత్తగా వచ్చిన ఆటగాడు ఆ పని చేయడం 1985-86లో మనూట్ బోల్ తర్వాత మళ్లీ అప్పుడే.

దాంతో అభిమానులు లెక్కలు మొదలుపెట్టేశారు. మ్యాచ్‌కి మూడున్నర పైన, ఏడాదికి 82 మ్యాచ్‌లు, పదిహేనేళ్లు... గుణిస్తే రికార్డు బద్దలైపోయినట్టే. కానీ ఈ గుణకారంలో 82 అన్న అంకెను నేను నమ్మను.

ముందు అసలు షాట్ బ్లాక్ చేయడం ఎందుకంత కష్టమో చూద్దాం. రింగ్ నేల నుంచి పది అడుగుల ఎత్తులో, అంటే 3.05 మీటర్ల పైన ఉంటుంది. షాట్ కొట్టాక బంతి పైకి లేస్తున్నప్పుడే దాన్ని ఆపాలి. కిందికి దిగడం మొదలయ్యాక ముట్టుకుంటే గోల్‌టెండింగ్, పాయింట్లు అవతలి జట్టుకే. ఇక మిగిలే సమయం ఎంత? బంతి చేతిని వదిలినప్పుడు నిలువుగా సెకనుకు ఐదు మీటర్ల వేగంతో లేస్తుందనుకుంటే, అరవై సెంటీమీటర్లు ఎక్కడానికి సెకనులో ఏడో వంతు చాలు. కంటితో చూసినదానికి ఒళ్లు కదలడానికే మనిషికి సెకనులో ఐదో వంతు పడుతుంది. అంటే బంతి చేయి దాటాక కదిలేవాడు ఎప్పటికీ ఆలస్యమే. మంచి బ్లాకర్ బంతిని కాదు, ఎదుటివాడి భుజం, మోచేయి, ఆఖరి అడుగు చూసి ముందే లేస్తాడు.

పొడుగు చేతుల లాభం ఇక్కడే తెలుస్తుంది. వెంబన్యామా నిలబడి చేయి ఎత్తితేనే వేళ్లు రింగ్‌కి ఐదారు అంగుళాల కింద ఉంటాయి. అతను ముప్పై సెంటీమీటర్లు ఎగిరితే అందే చోటుకి, అతనికన్నా అరడుగు తక్కువ అందే సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) నలభై అయిదు సెంటీమీటర్లు ఎగరాలి. భూమ్యాకర్షణ ఇద్దరికీ ఒకటే కాబట్టి లెక్క తేలికే. మొదటివాడికి పావు సెకను పడితే, రెండోవాడికి అంతకన్నా సెకనులో ఇరవయ్యో వంతు ఎక్కువ పడుతుంది. ఇదేం తేడా అనిపిస్తుంది గానీ, ఆ కాస్త వ్యవధిలో బంతి దాదాపు తన వ్యాసమంత, అంటే ఓ ఇరవై నాలుగు సెంటీమీటర్లు పైకి వెళ్లిపోతుంది. అరచేతికి తగలాల్సిన బంతి వేళ్లను కూడా తాకకుండా దాటిపోతుందన్నమాట. పైగా అతను ఇంకొంచెం ఆగి, షూటర్ నిజంగా కొడుతున్నాడా, కొట్టినట్టు నటిస్తున్నాడా చూసుకుని లేవగలడు.

ఒక సీజన్‌లో అత్యధిక బ్లాకుల రికార్డు మార్క్ ఈటన్‌ది. 1984-85లో 456, మ్యాచ్‌కి ఐదున్నర పైనే. ఈ ఈటన్ కథ వింటే ముచ్చటేస్తుంది. ఒకప్పుడు కార్ల మెకానిక్. అంత పొడుగు మనిషి బానెట్ కింద తల పెట్టి పని చేస్తుండగా ఒక కోచ్ కంటపడ్డాడు. అలా ఎన్‌బీఏలోకి వచ్చేసరికి పాతికేళ్లు నిండాయి. 875 మ్యాచ్‌లే ఆడినా 3,064 బ్లాకులు చేశాడు. మ్యాచ్‌కి 3.5 చొప్పున అతని కెరీర్ సగటే, తగినన్ని మ్యాచ్‌లు ఆడినవాళ్లలో, ఇప్పటికీ రికార్డు.

ఆ 456 మాత్రం ఇక ఎవరికీ అందదు, దాన్ని పక్కన పెట్టేయొచ్చు. ఈటన్ రోజుల్లో జట్టు మొత్తం కలిసి దూరం నుంచి కొట్టే మూడు పాయింట్ల షాట్లు మ్యాచ్‌కి మూడు వేస్తే గొప్ప. ఇప్పుడు ముప్పై అయిదు దాటుతున్నాయి. బంతి ఏడు మీటర్ల అవతలి నుంచి లేస్తుంటే రింగ్ కింద నిలబడ్డవాడు చేసేదేముంది? ఆ నిలబడటం కూడా కుదరదు. 2001 నుంచి, ఎవరినీ కాపు కాయకుండా రింగ్ ముందు మూడు సెకన్లకు మించి ఉంటే తప్పే. 1995-96లో డికెంబే ముటోంబో తర్వాత మ్యాచ్‌కి నాలుగు బ్లాకుల సగటు ఒక్కరు కూడా అందుకోలేదు. ఇలాంటి కాలంలో వెంబన్యామా రెండో సీజన్‌లో 3.8 దగ్గరికి వచ్చాడంటే అసాధారణమే.

అయితే ఆ సీజన్‌లో అతను ఆడింది 46 మ్యాచ్‌లు. 2025 ఫిబ్రవరిలో కుడి భుజం దగ్గర లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందని తేలడంతో మిగతా సీజన్ అంతా పోయింది. మొదటి రెండు సీజన్లు కలిపితే 117 మ్యాచ్‌లు, 430 బ్లాకులు. ఒలాజువాన్ తన మొదటి రెండు సీజన్లలో చేసినవి 451. సగటు చూస్తే వెంబన్యామాదే పైచేయి, కానీ మొత్తంలో అతనే వెనకబడ్డాడు. ఎందుకంటే ఒలాజువాన్ ఆడింది 150 మ్యాచ్‌లు. వయసులో మాత్రం మనవాడికి రెండేళ్ల వెసులుబాటు ఉంది. పందొమ్మిదేళ్లకే వచ్చాడు, ఒలాజువాన్ వచ్చింది ఇరవై ఒకటికి.

క్రికెట్ చూసేవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. మురళీధరన్ 800 వికెట్ల వెనక అతని దూస్రా ఎంత ఉందో, 133 టెస్టులు అంతే ఉన్నాయి. ఎన్‌బీఏలో ఇంకా స్పష్టమైన ఉదాహరణ టిమ్ డంకన్. ఒక్కసారి కూడా బ్లాకుల్లో లీగ్ మొదటి స్థానం రాలేదు. సగటు రెండు చిల్లర. అయినా 1,392 మ్యాచ్‌లు ఆడి 3,020 దాకా వెళ్లాడు, ఆల్‌టైమ్ జాబితాలో అయిదోవాడు. అతనిదీ శాన్ ఆంటోనియోనే. అలాగని ఎన్నేళ్లైనా ఆడితే చాలనుకోవడానికీ లేదు. డ్వైట్ హోవర్డ్ ఒలాజువాన్ కన్నా నాలుగు మ్యాచ్‌లు ఎక్కువే ఆడాడు, బ్లాకులు 2,228 దగ్గర ఆగిపోయాయి. రెండూ ఒకే ఒంట్లో కుదరాలి, అదీ ఏళ్ల తరబడి.

ఆ ఒళ్లే అసలు టెన్షన్. మనిషి అన్ని వైపులా ఒకే నిష్పత్తిలో పెరిగితే బరువు ఎత్తు ఘనంతో పెరుగుతుంది, ఎముక అడ్డుకోత వైశాల్యం మాత్రం ఎత్తు వర్గంతోనే పెరుగుతుంది. అంటే ఎత్తు పది శాతం పెరిగితే బరువు 33 శాతం, ఆ బరువు మోసే ఎముక అడ్డుకోత 21 శాతం పెరుగుతాయి. ఆ లోటు పాదాలు, చీలమండలు భరించాలి. వెంబన్యామా సన్నగా ఉండటం వల్ల ఈ భారం కొంత తగ్గుతుంది గానీ, పూర్తిగా పోదు. ఏడున్నర అడుగుల యావ్ మింగ్ 486 మ్యాచ్‌లకే, ముప్పయ్యేళ్లకే, పాదాల దెబ్బలతో ఆట మానేశాడు. మరోవైపు 7 అడుగుల 2 అంగుళాల కరీం అబ్దుల్ జబ్బార్ నలభై రెండేళ్ల దాకా 1,560 మ్యాచ్‌లు ఆడాడు. అంతకాలం ఒళ్లు నిలవడానికి యోగా సాయపడిందని అతనే చాలాసార్లు చెప్పాడు. వెంబన్యామా కూడా 2025 వేసవిలో చైనాలోని షావోలిన్ ఆలయానికి వెళ్లి సాధన చేసి వచ్చాడు. చూసి కొందరు నవ్వారు గానీ, నాకైతే అది అతను చేసిన తెలివైన పనుల్లో ఒకటి అనిపించింది.

మరి మొత్తం ఎంత దాకా పోవచ్చు? మొదటి రెండు సీజన్ల 430తో మొదలుపెడదాం. ముప్పయ్యేళ్లు వచ్చేదాకా తొమ్మిది సీజన్లు, ఏటా 62 మ్యాచ్‌లు, మ్యాచ్‌కి 3.5 అనుకుంటే మొత్తం 2,383 అవుతుంది. ఆ తర్వాత సగటు పడిపోక తప్పదు. ఒలాజువాన్ అంతటివాడికే ముప్పయ్యేళ్లప్పుడు 4.2 ఉన్నది ముప్పై నాలుగేళ్లకి 2.2 అయింది. కాబట్టి చివరి ఆరు సీజన్లకి 58 మ్యాచ్‌లు, 2.4 చొప్పున వేస్తే 3,218. కరీం 3,189 దాటి, ముటోంబో 3,289కి కొంచెం ఇవతల ఆగుతుంది. అదే ఏటా 70 మ్యాచ్‌లు, 3.8 చొప్పున ముప్పై దాకా, తర్వాత 65 మ్యాచ్‌లు, 2.8 చొప్పున వేసి చూడండి. ముప్పై ఆరేళ్ల వయసులో, 2040 దగ్గర, 3,830 దాటేస్తాడు. రెండు లెక్కల మధ్య తేడా ఏటా ఏడెనిమిది మ్యాచ్‌లు, మ్యాచ్‌కి పదింట మూడు నాలుగు వంతుల బ్లాకు, అంతే.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. పెద్ద దెబ్బ తగలకుండా ఒక సీజన్ గడిచే అవకాశం నూటికి తొంభై అనుకుందాం, ఊరికే ఉదాహరణకి. వరసగా పదిహేను సీజన్లు అలా గడిచే అవకాశం నూటికి ఇరవై ఒక్కటికి మించదు. అందుకే రెండో లెక్క కన్నా మొదటిదే నాకు దగ్గరగా అనిపిస్తుంది. మ్యాచ్ సగటులో ఈటన్‌ని దాటేయవచ్చు, మొత్తంలో రెండో మూడో స్థానం దక్కవచ్చు. పందెం కాయమంటే దాని మీదే కాస్తాను.

లెక్కలకు దొరకనిది ఒకటి మిగిలింది. వెంబన్యామా ఎదురుగా ఉంటే చాలామంది రింగ్ దాకా వచ్చి, తల ఎత్తి చూసి, బంతి వెనక్కి ఇచ్చేసి మళ్లీ మొదటి నుంచి ఆడుకుంటారు. ఆ కొట్టని షాట్‌ని ఏ స్కోరరూ అతని ఖాతాలో రాయడు. అతనంటే భయం పెరిగేకొద్దీ బ్లాక్ చేయడానికి దొరికే షాట్లు తగ్గుతాయి. రాయకపోవడం ఎన్‌బీఏకి కొత్త కాదనుకోండి. బ్లాకులు లెక్కపెట్టడం మొదలైందే 1973-74 సీజన్ నుంచి. కరీం మొదటి నాలుగేళ్లలో చేసినవి, అంతకుముందు తరం దిగ్గజాలు బిల్ రసెల్, విల్ట్ చాంబర్లిన్ కెరీర్ మొత్తంలో చేసినవి ఏ జాబితాలోనూ లేవు. 3,830 అన్నది లెక్కపెట్టినవాటిలో రికార్డు.