రేకు ఎగరడం ఎవరు చూశారు?

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. బరంపురంలో మా వంటింటి రేకు లేచి, పెరటి కొబ్బరిచెట్టుకు కొట్టుకుని గోడ అవతల పడటం కళ్లారా చూశానని అందరికీ చెబుతుంటాను. మొన్న దసరాకు అక్క విని నవ్వింది. "చూసింది నేను. నువ్వు అమ్మ పక్కన దుప్పటి ముసుగేసుకుని పడుకున్నావు" అంది. అమ్మదీ అదే మాట. అయినా నా కళ్ల ముందు ఆ రేకు ఇంకా ఎగురుతూనే ఉంది.

నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. 1986లో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడే ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆ వార్త ఎక్కడ, ఎలా తెలిసిందో విద్యార్థుల చేత రాయించారు. రెండున్నరేళ్ల తర్వాత అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు, అదీ గట్టి నమ్మకంతో. వాళ్ల చేతిరాత వాళ్లకే చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు.

గుర్తు చేసుకున్నప్పుడు జ్ఞాపకం కొంత మెత్తబడి, మళ్లీ గట్టిపడుతుందని 2000లో కరీం నాదర్ అనే మెదడు శాస్త్రజ్ఞుడి బృందం ఎలుకల్లో గమనించింది. ఒక శబ్దానికి భయపడటం నేర్పిన ఎలుకకు ఆ శబ్దం మళ్లీ వినిపించి, వెంటనే మెదడులో భయాన్ని నమోదు చేసే అమిగ్డలా అనే భాగంలో, జ్ఞాపకం గట్టిపడటానికి కావలసిన ప్రొటీన్ల తయారీని ఆపే మందు ఎక్కిస్తే, భయం తగ్గిపోయింది. శబ్దం వినిపించకుండా మందు ఇస్తే భయం చెక్కుచెదరలేదు.

మరి మనిషిని వదలని భయం సంగతి? మాకు చేపలు తెచ్చే పెద్దమ్మది గోపాల్‌పూర్. ఒడియావాళ్లు ఆమెలాంటి మత్స్యకారులను నోలియాలంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆ రాత్రి షెల్టర్‌కు ఆలస్యంగా బయలుదేరి సరుగుడు తోటలో చిక్కుకుంది. ఇప్పటికీ పిండిమర తిరగడం మొదలైతే తట్ట దించి చెవులు మూసుకుంటుంది. తీవ్రమైన భయంలో ఉప్పొంగే హార్మోన్లు శబ్దాన్ని, వాసనను మెదడులో లోతుగా ముద్రిస్తాయి. "ఇది ఎప్పుడో జరిగింది, అయిపోయింది" అనే తేదీముద్ర మాత్రం సరిగా పడకపోవచ్చు. అందుకే అది గతంలా కాక, ఇప్పుడే జరుగుతున్నట్టు వస్తుంది. తుపాను చూసినవాళ్లలో ఎక్కువమంది కాలక్రమేణా తేరుకుంటారు, కొందరికి మాత్రం ఇలా మిగిలిపోతుంది. పెద్దమ్మ తన వయసునే రెండు ముక్కలు చేసి చెబుతుంది: "తుపానుకు ముందు నేను వేరే మనిషిని బాబూ."

నష్టపరిహారం అధికారికి ఆమె ఒడియాలో పడవ, వలలు, పొయ్యి అంటూ పద్దు అప్పగించినట్టు చెప్పడం నేను విన్నాను. మా గుమ్మంలో తెలుగులో మొదలుపెడితే మాత్రం "ఆ హోరు..." దగ్గరే ఆగిపోయేది. బోస్టన్‌లోని టర్కిష్ మాతృభాషీయుల మీద 2003లో వెలువడిన పరీక్షలో, చిన్ననాటి తిట్లు ఇంగ్లిషులో కంటే సొంత భాషలో విన్నప్పుడే ఉద్వేగాన్ని పట్టిచ్చే చర్మపు విద్యుత్ స్పందన ఎక్కువగా కనిపించింది. పిల్లి మీద, ఎలుక మీద పరీక్షలు చేసేవాళ్లు ఒకసారి మా సరిహద్దు ఊళ్లకూ వస్తే బాగుండు.

ఆఘాతానికి చేసే మాటల చికిత్సలో ఒక భాగం, ఆ రాత్రిని మొదటి నుంచి తెల్లవారేదాకా వరుసగా చెప్పించడం. పెద్దమ్మకు ఏ చికిత్సా అందలేదు. బడిలో రాసుకు రమ్మన్నారని మనవడు అడిగితే, ఈమధ్య ఒడియాలో సాయంత్రం నుంచి తెల్లారేదాకా చెప్పిందట. ఒక్క "హోరు" మాత్రం తెలుగులోనే వచ్చింది. వాడు దాన్ని ఒడియా అక్షరాల్లో అలాగే రాసుకున్నాడు.