స్టెంట్ గుండెకే కాదు, గాలిగొట్టానికి కూడా

ఇరుకైన దారిని తెరిచి ఉంచే చిన్న గొట్టం స్టెంట్. విశాఖలో ఆ మాట వింటే ఎవరికైనా గుండే గుర్తొస్తుంది. కేజీహెచ్‌కి వచ్చినా, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా, గాలిగొట్టానికి స్టెంట్ అంటే వెంట వచ్చినవాళ్లు ఒక్క క్షణం తెల్లబోతారు. ఆ వెంటనే అడిగేది ఒకటే: జబ్బు ముదిరిపోయిందన్నారు కదా, ఇంకా ఇదెందుకు?

ఊపిరి ఆడటానికి. క్యాన్సర్ తగ్గడానికి కాదు.

పెద్దవాళ్లలో గాలిగొట్టం వెడల్పు సుమారు 15 నుంచి 20 మిల్లీమీటర్లు. ఊపిరితిత్తి, అన్నవాహిక, థైరాయిడ్ గడ్డలు లోపలికి పెరిగో, బయటి నుంచి నొక్కో దాన్ని ఇరుకు చేస్తాయి. దారి 8 మిల్లీమీటర్లకు తగ్గితే మెట్లెక్కినప్పుడు ఆయాసం. 5 దగ్గరికొస్తే కూర్చున్నా ఈల లాంటి చప్పుడు. గొట్టం వెడల్పు సగానికి తగ్గితే గాలికి అడ్డు రెట్టింపు కాదు, లెక్క ప్రకారం 16 రెట్లు. నిన్నటిదాకా నడిచిన మనిషి హఠాత్తుగా ఉక్కిరిబిక్కిరయ్యేది అందుకే. దీన్ని ఉబ్బసం పిల్లికూత అనుకుని నెలల తరబడి ఇన్‌హేలర్ వాడేవాళ్లూ ఉంటారు.

స్టెంట్ అనే పేరు ఒక పళ్ల డాక్టరుది. 19వ శతాబ్దపు లండన్‌లో చార్లెస్ స్టెంట్ పళ్ల అచ్చు తీసే ముద్ద తయారుచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సర్జన్లు దాన్ని అతికించిన చర్మానికి ఆసరాగా వాడారు. ఆ పేరు అలా ఆసరాలన్నిటికీ పాకింది. గాలిగొట్టంలోకి చూడటం మాత్రం 1897లో మొదలైంది: జర్మనీలో గుస్తావ్ కిలియన్ ఒక రైతు ఊపిరి దారిలో ఇరుక్కున్న ఎముక ముక్కను గొట్టం వేసి తీశాడు. 1965లో అమెరికా డాక్టర్ మాంట్‌గోమరీ ఇంగ్లిష్ T అక్షరం ఆకారపు ట్యూబ్ తెచ్చాడు గానీ, దానికి మెడకు రంధ్రం పెట్టాలి. మెడ కోయకుండా నోటి ద్వారా పెట్టే సిలికాన్ స్టెంట్‌కి గుర్తింపు తెచ్చింది ఫ్రాన్స్‌లోని మార్సెయ్ డాక్టర్ డ్యూమాన్, 1990లో. జారిపోకుండా దాని బయటి గోడకు బొడిపెలు పెట్టాడు.

తర్వాత తమంతట తామే విచ్చుకునే లోహపు జాలీలు వచ్చాయి. పెట్టడం తేలిక, తీయడమే కష్టం. కండ జాలీలోకి అల్లుకుపోతుంది. అందుకే క్యాన్సర్ లేనివాళ్లకు వీటిని తేలిగ్గా వాడొద్దని 2005లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ముదిరిన క్యాన్సర్‌లో లెక్క వేరు. పదేళ్ల తర్వాతి ఇబ్బంది కంటే ఈ రాత్రి పడుకోగలగడమే పెద్ద విషయం.

అయినా అందరికీ పనికిరాదు. గడ్డ లోపలే పెరిగితే ముందు లేజర్‌తోనో, కరెంటు వేడితో కాల్చే కాటరీతోనో తీస్తారు, స్టెంట్ అవసరం పడకపోవచ్చు. బయటి నుంచి నొక్కుతుంటే మాత్రం దీన్ని మించిన దారి తక్కువ. ఇరుకుకు అవతల ఊపిరితిత్తే పాడైతే ఎంత దారి తెరిచినా లాభం లేదు. సీటీ స్కాన్ చూశాక డాక్టర్ వద్దంటే కారణం తరచూ ఇదే, డబ్బు కాదు.

పెట్టించుకుని పాడేరో పలాసో వెళ్లిపోయాక అసలు పని మొదలవుతుంది. స్టెంట్ ఉన్నచోట కళ్ళెను పైకి నెట్టే సన్నటి నూగు పనిచేయదు, కళ్ళె గట్టిపడి గొట్టం మూసుకుపోవచ్చు. అందుకే చాలామందికి రోజూ సెలైన్ నెబులైజేషన్ (ఉప్పునీటిని సన్నటి తుంపరగా పీల్చడం) రాస్తారు. ఆయాసం మళ్లీ పెరిగినా, దగ్గులో రక్తం కనిపించినా, గొంతు ఉన్నట్టుండి మారినా అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకూడదు, అదే రోజు బండెక్కాలి.