ట్యూషన్‌లో పెన్ను ఎవరి చేతిలో ఉంటోంది? ఆన్‌లైన్, ఆఫ్‌లైన్ ట్యూషన్లపై అపోహలు - వాస్తవాలు

ట్యూషన్ మాట్లాడుకోవడానికి ఫోన్ చేసే తల్లిదండ్రులు చాలామంది మొదట అడిగేది ఒకటే: "ఆన్‌లైన్ మంచిదా, ఆఫ్‌లైన్ మంచిదా?" ఆ తర్వాత ఎన్ని గంటలు, ఫీజు ఎంత, సిలబస్ ఎప్పటికి అయిపోతుంది అన్న ప్రశ్నలు వస్తాయి. నేను లెక్కలు రెండు రకాలుగానూ చెబుతాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ట్యూషన్ పనిచేస్తోందో లేదో తెలియాలంటే పెన్నును చూడండి. గంటలో ఎక్కువసేపు అది పిల్లల చేతిలో కదులుతూ, ట్యూటర్ ఆ కదలికను గమనిస్తూ ఉంటే ఆ ట్యూషన్ ఎక్కడ జరిగినా ఫలితం ఉంటుంది. పెన్ను ట్యూటర్ చేతిలోనే ఉండిపోతే ఎదురుగా కూర్చున్నా, తెర మీద కనిపించినా పెద్ద తేడా ఉండదు. దీన్ని కనబడనివ్వని అపోహలు కొన్ని ఉన్నాయి. నాకు తరచూ ఎదురయ్యేవి ఇవి.

అపోహ: ఆన్‌లైన్ ట్యూషన్ పేరుకే. అసలు చదువు ఎదురుగా కూర్చుంటేనే వస్తుంది.

వాస్తవం: 2020లో బడులు మూతపడినప్పుడు ఇటలీలో ఒక ప్రయోగం జరిగింది. యూనివర్సిటీ విద్యార్థులు స్వచ్ఛందంగా ముందుకొచ్చి, చదువులో వెనకబడిన మిడిల్ స్కూల్ పిల్లలకు వారానికి 3 గంటల నుంచి 6 గంటల దాకా ఆన్‌లైన్‌లోనే ఒక్కొక్కరికి విడిగా పాఠాలు చెప్పారు. ట్యూషన్ దొరకని పిల్లలతో పోలిస్తే వీళ్ల చదువు స్పష్టంగా మెరుగుపడింది. అదే ఏడాది బోట్స్వానాలో ఇంటర్నెట్ కూడా లేకుండా, వారానికోసారి సుమారు 20 నిమిషాల మామూలు ఫోన్ కాల్, దానికి తోడు లెక్కలున్న ఎస్‌ఎంఎస్‌లతో ప్రాథమిక తరగతుల పిల్లలకు నేర్పారు. కాల్, మెసేజ్ రెండూ అందిన పిల్లలు మెరుగుపడ్డారు. మెసేజ్‌లు మాత్రమే అందినవారిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. లెక్కలు ఇద్దరికీ ఒకటే. తేడా తెచ్చింది, ఆ లెక్క ఎలా చేశావని అవతలి నుంచి అడిగే మనిషి.

మరి చాలా ఇళ్లలో ఆన్‌లైన్ ట్యూషన్ ఎందుకు విఫలమవుతోంది? కెమెరా ముఖం వైపు ఉంటుంది కాబట్టి. పిల్లాడు తల ఊపుతాడు, "అర్థమైంది సార్" అంటాడు, నోట్‌బుక్ మాత్రం కనబడదు. నేను చెప్పే ఆన్‌లైన్ క్లాసుల్లో మొదటి రోజే రెండో ఫోన్‌ను పుస్తకాల దొంతర మీద ఆనించి, కెమెరా నోట్‌బుక్ మీద పడేలా పెట్టిస్తాను. రెండో ఫోన్ లేకపోతే ఉన్న ఒక్కదాన్నే నోట్‌బుక్ వైపు తిప్పమంటాను. ముఖం చూడకపోయినా ఫర్వాలేదు, చెయ్యి కనబడితే చాలు. ఎక్కడ ఆగింది, ఏది కొట్టేసి మళ్లీ రాసింది, సమానం గుర్తు దగ్గర ఎందుకు తటపటాయించింది, ఇవన్నీ తెలుస్తాయి. నెట్‌వర్క్ సరిగా లేని రోజున వీడియో ఆపేసి, మాట్లాడుకుంటూ, ప్రతి లెక్క తర్వాత ఫొటో పంపమంటే అది కూడా పనికొస్తుంది.

ఎదురుగా కూర్చున్నంత మాత్రాన ఇది దానంతటదే జరగదు. టేబుల్‌కు అవతల కూర్చున్న ట్యూటర్‌కు నోట్‌బుక్ తలకిందులుగా కనబడుతుంది. పక్కన కూర్చోవాలి, అదీ పిల్లలు రాసే చేతికి రెండో వైపు, లేకపోతే చెయ్యి అడ్డొస్తుంది. ఇంతకన్నా పెద్ద సమస్య ఇంకొకటుంది. ఎదురుగా ఉన్నప్పుడు పిల్లల చేతిలోంచి పెన్ను తీసుకుని "ఇలా చెయ్యాలమ్మా" అని రాసేయడం చాలా సులువు. ఆన్‌లైన్‌లో ఆ అవకాశమే ఉండదు. ఆ ఒక్క విషయంలో తెర మేలనే అంటాను.

అయితే ఒకటో రెండో తరగతి చదివే చిన్నపిల్లలకు నేను ఆన్‌లైన్ సిఫారసు చేయను. పెన్సిల్ పట్టుకోవడం, అక్షరం మీద వేలు పెట్టి చదవడం, పుల్లలో గింజలో ముందేసుకుని లెక్కపెట్టడం వంటి పనులకు పక్కన మనిషి ఉండాలి.

అపోహ: ఎవరు బాగా వివరిస్తే వారే మంచి ట్యూటర్.

వాస్తవం: ఇది అన్నిటికన్నా బలంగా పాతుకుపోయిన అపోహ. 2001లో పరిశోధకురాలు మిషెలిన్ చీ, ఆమె సహచరులు ప్రచురించిన అధ్యయనంలో, ఎనిమిదో తరగతి పిల్లలకు రక్తప్రసరణ పాఠం చెప్పే ట్యూటర్లకు ఒక షరతు పెట్టారు. మీరు వివరించకూడదు, తప్పొప్పులు చెప్పకూడదు, "ఇంకొంచెం చెప్పు", "అదెలా?" అని మాత్రమే అడగాలి. అలా నేర్చుకున్న పిల్లలు, వివరణలన్నీ విన్న పిల్లలతో సమానంగానే నేర్చుకున్నారు. అలాగని వివరణ అక్కర్లేదని కాదు. ట్యూటర్ వివరణకు మనమిచ్చే విలువ, దానివల్ల జరిగే మేలు కన్నా చాలా ఎక్కువ.

నా క్లాసులో తరచూ జరిగేదే చెబుతాను. ఆరో తరగతి అమ్మాయి 1/2 + 1/3 = 2/5 అని రాసింది. పైవి పైవి కలిపింది, కిందవి కింద కలిపింది. "హారాలు సమానం చెయ్యాలి కదా, 6 తీసుకో" అంటే అర నిమిషంలో 5/6 వస్తుంది. ఆ పేజీ వరకు సరిపోతుంది. రెండు వారాల తర్వాత మళ్లీ 2/5 వస్తుంది. అందుకని నేను ఒకటే అడిగాను: "2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా?" సమాధానం వెంటనే రాలేదు. ఒక గీత గీసి అయిదు భాగాలు చేసింది. రెండు భాగాలకు రంగు వేసింది. కాసేపు దాన్నే చూసింది. "తక్కువ టీచర్... కానీ సగానికి ఇంకొంచెం కలిపాం కదా, తగ్గిందేంటి?" అంది. ఆ ప్రశ్న తనకు తానుగా వేసుకున్నాక హారాలు ఎందుకు సమానం చెయ్యాలో చెప్పడానికి నాకు రెండు వాక్యాలు చాలాయి. వివరణ వద్దని నేననను, అది వినడానికి పిల్లలు సిద్ధమయ్యాక చెప్పాలంటాను.

ఇందులో కష్టమైన భాగం, ఆ అమ్మాయి గీతను చూస్తున్నంతసేపు నేను నోరు తెరవకుండా ఉండటం. 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల్ని పరిశీలించి, ప్రశ్న అడిగిన టీచర్లు జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేల్చింది. దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అసలు జవాబే రాని సందర్భాలు తగ్గాయి. ఆన్‌లైన్‌లో మౌనం మరీ ఇబ్బందిగా ఉంటుంది, కనెక్షన్ పోయిందేమోనని ట్యూటర్‌కు టెన్షన్. అందుకే నేను ముందే చెప్పి పెడతాను: "నువ్వు ఆలోచిస్తుంటే నేను మాట్లాడను. వింటూనే ఉంటాను."

తల్లిదండ్రులకు ఒక మాట. పక్క గదిలోంచి వింటున్నప్పుడు ట్యూటర్ గొంతు వినబడకపోతే "ఏమీ చెప్పడం లేదు" అనుకోకండి. ఎవరి గొంతు ఎక్కువ వినబడుతోందో గమనించండి. గంటంతా ట్యూటర్ గొంతే వినబడితే అప్పుడు అడగండి.

అపోహ: మావాడికి అన్నీ వచ్చు, అజాగ్రత్త వల్లే తప్పులు.

వాస్తవం: అన్నీ అజాగ్రత్త తప్పులు కావు. 52 - 38 = 26 అని రాసిన పిల్లాడిని తీసుకోండి. ఎనిమిదిలోంచి రెండు తీసేస్తే ఆరు, అయిదులోంచి మూడు తీసేస్తే రెండు. పైనున్న అంకె చిన్నదైతే అప్పు తెచ్చుకోవాలని వాడికి తట్టలేదు. ప్రతి నిలువు వరసలో పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తున్నాడు. వాడి నియమం తప్పు, కానీ దాన్ని వాడు చాలా జాగ్రత్తగా పాటించాడు. 1978లో బ్రౌన్, బర్టన్ అనే పరిశోధకులు తీసివేతల్లో పిల్లలు చేసే ఇలాంటి తప్పుల్ని విశ్లేషించి, చాలా తప్పుల వెనక ఇలా స్థిరమైన నియమం ఒకటి ఉంటుందని చూపించారు. 0.35 అనేది 0.8 కన్నా పెద్దదని చెప్పే పిల్లలు కూడా అంతే, 35ను 8తో పోల్చుకుంటున్నారు.

ఇలాంటి పిల్లలకు "జాగ్రత్తగా చెయ్యి" అని వందసార్లు చెప్పినా, ఇంకో యాభై లెక్కలిచ్చినా ప్రయోజనం లేదు. ఆ యాభైలోనూ అదే నియమం వాడతారు, అది ఇంకా గట్టిపడుతుంది. ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టేముందు "ఇది ఎలా వచ్చిందో నాకు చెప్పు" అనడం ట్యూటర్ పని. తరగతిలో అంతమంది మధ్య టీచర్‌కు అందుకు తీరిక దొరకదు. ట్యూషన్ పెట్టించుకోవడానికి అసలు కారణం నా దృష్టిలో ఇదే.

అపోహ: ఎన్ని గంటలు చెప్పిస్తే అంత మంచిది. పరీక్షల ముందు రోజుకు నాలుగు గంటలు పెట్టిద్దాం.

వాస్తవం: ఒకేసారి కుక్కిన చదువు త్వరగా పోతుందని జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను చేసుకున్న ప్రయోగాలతో రాశాడు. వారానికి ఒకేరోజు మూడు గంటల కన్నా, ఒక్కో గంట చొప్పున మూడు రోజులు మేలు. క్లాసు ఎలా మొదలుపెడతారన్నది కూడా ముఖ్యం. నేను మొదటి పది నిమిషాలు కొత్త పాఠం ముట్టుకోను. పోయిన వారం నుంచి రెండు, పోయిన నెల నుంచి ఒకటి లెక్కలిచ్చి పుస్తకం మూసి చెయ్యమంటాను.

దీనికి ఆధారం ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మిగతావారు ఒకసారి చదివి, రెండోసారి గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవారిదే పైచెయ్యి: వారికి 81 శాతం గుర్తుంటే, మిగతావారికి 75 శాతం గుర్తుంది. వారం తర్వాత తలకిందులైంది: మళ్లీ చదివినవారికి 42 శాతం గుర్తుంటే, గుర్తు తెచ్చుకుని రాసినవారికి 56 శాతం గుర్తుంది. ఇందులో ప్రమాదం గమనించండి. మళ్లీ చదివినవారికి ఆ పూట అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పరీక్ష ముందు రోజు సాయంత్రం ట్యూషన్‌లో "అన్నీ వచ్చాయి" అన్న పిల్లలు పరీక్ష హాల్లో తెల్లమొహం వేయడానికి ఇదొక కారణం.

అపోహ: ఒక్కరికే విడిగా చెబితేనే లాభం.

వాస్తవం: 1984లో అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ రాసిన వ్యాసం నుంచి ఈ నమ్మకం బలపడింది. ట్యూషన్ పొందిన సగటు విద్యార్థి, మామూలు తరగతిలోని 98 శాతం మంది కన్నా ముందున్నాడని అందులో ఉంది. చాలామంది ఆ అంకె చెప్పి ఆగిపోతారు. ఆ ట్యూషన్‌లో చిన్న చిన్న పరీక్షలు పెట్టి, వచ్చేదాకా సరిదిద్ది, ఆ తర్వాతే ముందుకెళ్లారు. పైగా అక్కడ ఒక్కొక్కరికే కాదు, ఇద్దరు ముగ్గురిని కలిపి కూడా చెప్పారు. ఆ తర్వాత వచ్చిన పెద్ద సమీక్షల్లో అంత భారీ లాభం కనబడలేదు. 96 ప్రయోగాలను కలిపి చూసిన 2020 నాటి సమీక్షలో కూడా ట్యూషన్ ప్రభావం బలంగానే ఉంది కానీ బ్లూమ్ చెప్పిన దాంట్లో అయిదో వంతు కన్నా తక్కువ. స్వచ్ఛందంగా చెప్పేవారి కన్నా శిక్షణ ఉన్న టీచర్లు, సహాయకులు చెబితే లాభం ఎక్కువని కూడా అందులో తేలింది.

నా మట్టుకు ఇద్దరు, ముగ్గురు ఒకే స్థాయిలో ఉంటే కలిపి కూర్చోబెట్టడానికి వెనకాడను. ఒకరు చేసిన పద్ధతిని ఇంకొకరు "అలా ఎందుకు?" అని అడుగుతారు, అది నేనడిగితే వచ్చే ఫలితం కన్నా ఎక్కువ. నలుగురు దాటితే నాకు నోట్‌బుక్‌లు అందవు. స్థాయిలు వేరైతే ఇద్దరైనా కష్టమే.

ఇంకొన్ని చిన్నవి.

"మా పాప చూసి నేర్చుకునే రకం, వింటే ఎక్కదు" అంటారు. పిల్లల్ని అలా రకాలుగా విడదీసి, ఏ రకానికి ఆ రకంగా చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని పాష్లర్, ఆయన సహ పరిశోధకులు 2008లో వివరంగా చూపించారు. త్రిభుజం అందరికీ బొమ్మ గీసే చెప్పాలి, ఉచ్చారణ అందరికీ వినిపించే చెప్పాలి.

"మంచి యాప్ ఉంటే ట్యూటర్ అక్కర్లేదు." ఎలాంటి యాప్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. కర్ట్ వాన్‌లేన్ 2011లో చేసిన సమీక్షలో, చివరి జవాబు తప్పా ఒప్పా అని మాత్రమే చెప్పే ప్రోగ్రాములు బాగా వెనకబడ్డాయి. ప్రతి స్టెప్పునూ పరిశీలించి సూచన ఇచ్చేవి మాత్రం మనిషి ట్యూటర్‌కు దగ్గరగా వచ్చాయి.

అపోహ: ట్యూషన్ అంటే హోంవర్క్ పూర్తి చేయించడం. మార్కులు పెరిగినా మానిపించకూడదు.

వాస్తవం: హోంవర్క్ పక్కన కూర్చుని పూర్తి చేయిస్తే నోట్‌బుక్ నిండుతుంది, ఇంట్లో గొడవ తగ్గుతుంది. కానీ ఎక్కడ ఆగిపోతున్నారో ఎవరికీ తెలియకుండా పోతుంది. నేను హోంవర్క్ తీసుకొచ్చిన పిల్లల్ని ఒకటే అడుగుతాను: "నువ్వొక్కడివే చేస్తే ఎంతవరకు వచ్చింది?" కొత్తగా చేరినవాళ్లు "ఈ లెక్క రావట్లేదు" అని పేజీ చూపిస్తారు. కొన్ని నెలలకు మాట మారాలి: "మూడో స్టెప్పు దాకా వచ్చింది, ఇక్కడ మైనస్ ఎందుకు ప్లస్ అయిందో తెలియలేదు." అలా డౌట్ అడగడం వచ్చిన పిల్లలకు వారానికి మూడు క్లాసులు అక్కర్లేదు. ఒకటికి తగ్గించి, తాము చేసి ఆగిపోయిన లెక్కలే తెమ్మంటాను. ఆ తర్వాత ఒక యూనిట్ టెస్ట్ ట్యూషన్ లేకుండా రాయనిస్తే, దిద్దిన ఆ పేపర్‌ను తల్లిదండ్రులు, పిల్లలు, ట్యూటర్ కలిసి కూర్చుని చూసుకోవచ్చు. మార్కులు కొంచెం తగ్గినా, తమ తప్పు ఎక్కడ జరిగిందో పిల్లలే వేలు పెట్టి చూపించగలిగితే ఆ సబ్జెక్టుకు ట్యూషన్ ఆపేయమనే చెబుతాను.