బంతి వదిలాక మొదలయ్యే పని

హైదరాబాద్‌లో ఏ జిమ్‌కెళ్లినా సాయంత్రం ఆరింటికి ఛాతీ కండలు పెంచే బెంచ్ ప్రెస్ దగ్గర వరస ఉంటుంది. బేస్‌బాల్‌లో పిచింగ్, అంటే బ్యాటర్ వైపు బంతి విసరడం, నేర్చుకునే కుర్రాళ్లూ ఆ వరసలోనే నిలబడతారు. వాళ్లకు కావలసిన బలం ఎక్కువగా వీపు వైపు, కాళ్లలో ఉంటుంది.

పిచర్ 142 నుంచి 149 గ్రాముల బంతిని 60 అడుగుల 6 అంగుళాల దూరానికి విసురుతాడు. క్రికెట్ బౌలర్‌లా పరుగెత్తుకుంటూ రాడు, ఒక్క అంగలోనే వేగమంతా పుట్టించాలి. వెనక కాలు నేలను తన్నుతుంది, ముందు కాలు పాతుకుని ఒంటిని ఆపుతుంది. ముందు నడుం, తర్వాత ఛాతీ తిరుగుతాయి. చివరికి చెయ్యి కొరడాలా వస్తుంది. అప్పుడు భుజం లోపలికి తిరిగే వేగం సెకనుకు దాదాపు 7,000 డిగ్రీలు. మనిషి ఒంట్లో కొలిచిన కదలికల్లో అత్యంత వేగమైనవాటిలో ఇదొకటి.

బంతి వెళ్లిపోతుంది, చెయ్యి మాత్రం ఆగాలి, అదీ రెప్పపాటు కూడా పట్టనంత కాలంలో. చేతిని కీలులోంచి బయటికి లాగే బలం అప్పుడు దాదాపు ఆటగాడి బరువంత ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే పనిలో భుజం రెక్క వెనకున్న చిన్న కండరాలది పెద్ద పాత్ర. అద్దంలో కనపడవు కాబట్టి వాటి ఊసే ఎవరూ ఎత్తరు.

వాటికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. రబ్బర్ బ్యాండును నడుం ఎత్తులో కిటికీ ఊచకు కట్టండి. విసిరే చెయ్యి కిటికీకి అవతలి పక్క ఉండేలా నిలబడి, మోచేతికీ పక్కటెముకలకూ మధ్య మడిచిన తువాలు పెట్టుకోండి. మోచెయ్యి 90 డిగ్రీలు వంచి, ముంజేతిని బయటికి తిప్పాలి. వెళ్లడానికి ఒక అంకె, తిరిగి రావడానికి మూడు అంకెలు లెక్కపెట్టండి. 15 సార్ల చొప్పున రెండు విడతలు, వారానికి మూడు రోజులు. తువాలు జారిపడితే భుజానికి బదులు ఒళ్లే తిరుగుతోందని అర్థం, తేలిక బ్యాండుకు మారండి. నెమ్మదిగా వెనక్కి రావడమే ఇందులో ముఖ్యం, కండరం బ్రేకు వేయడం నేర్చుకునేది అక్కడే. చాలామంది దాన్నే చటుక్కున వదిలేస్తారు.

కాళ్లకు డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును పట్టుకుని నిటారుగా లేవడం), ఒంటికాలి స్క్వాట్ (ఒక కాలి మీద గుంజీ) చాలు. ఛాతీతో నెట్టే కసరత్తు ఒకటి చేస్తే, వీపుతో లాగేవి రెండు చేయండి.

మోచేయి కథ వేరు. విసిరేటప్పుడు దాని లోపలి వైపు పడే మెలి దాదాపు 64 న్యూటన్ మీటర్లు. అక్కడ ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ, అంటే లిగమెంట్, శవాలపై చేసిన పరీక్షల్లో అందులో సగానికే తెగింది. అయినా బతికున్న మనిషిలో ప్రతి విసురుకూ తెగడం లేదంటే, ముంజేతి కండరాలు భారాన్ని పంచుకుంటున్నాయన్నమాట. ఈ కండరాలకు అమెరికా పిచర్లు వాడే సాధనం మనింట్లోనే ఉంది, బియ్యం. బకెట్లో పది కిలోలు పోసి, మణికట్టు దాటేదాకా చెయ్యి దూర్చి, ముప్పై సెకన్లు పిడికిలి తెరుస్తూ మూయండి. మరో ముప్పై సెకన్లు అరచేతిని అటూ ఇటూ తిప్పండి.

అలసిన కండరం భారం మోయలేదు, అప్పుడు లిగమెంట్ ఎక్కువ మోయాలి. వేసవి శిబిరాల్లో పొద్దునా సాయంత్రమూ విసిరించడం నాకు కోపం తెప్పించేది అందుకే. 15, 16 ఏళ్ల పిల్లలకు అమెరికాలో పాటించే హద్దు రోజుకు 95 విసుర్లు. 76కి చేరితే నాలుగు రోజులు విశ్రాంతి. 31 నుంచి 45 విసిరినా ఒక రోజు ఆగాల్సిందే. లిగమెంట్ తెగిన అమెరికా పిచర్ టామీ జాన్ మోచేతికి 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ చేసిన శస్త్రచికిత్స ఇప్పుడు అందుబాటులో ఉంది కదా అని ధీమా పడొద్దు. జాన్ మళ్లీ మైదానంలో అడుగుపెట్టింది 1976లో.

విసుర్లు పైకి పోతున్నా, మోచెయ్యి భుజం కంటే కిందికి జారుతున్నా ఆ రోజుకు ఆపించండి. ఆపించాక అదే పిల్లాణ్ణి క్యాచర్‌గా నిలబెట్టకండి. పిచర్ విసిరిన బంతిని ప్రతిసారీ తిరిగి విసిరేది క్యాచరే.