బక్కపలుచని అమ్మాయికి కొలెస్ట్రాల్ ఎలా పెరిగింది?

"మా అమ్మాయి 5,000 మీటర్లు పరుగెడుతుంది. ఒంట్లో కొవ్వన్నదే లేదు. నూనె వస్తువు ముట్టదు, గుడ్డులో పచ్చసొన తీసి పారేస్తుంది. అయినా చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 160 దాటింది. ల్యాబ్ వాళ్లు పొరబడ్డారా?" అని ఒక తల్లి అడిగారు.

పొరబడి ఉండకపోవచ్చు. నెలసరి సరిగా వస్తోందా అని అడిగాను. కొన్ని నెలలుగా లేదట. ప్రాక్టీసు గట్టిగా చేస్తే అంతేనని కోచ్ సర్దిచెప్పారట. ఆట మైదానాల్లో పాతుకుపోయిన మూఢనమ్మకాల్లో ఇంతకన్నా చెడ్డది నాకు తెలియదు.

మన పుస్తకాల్లో కొలెస్ట్రాల్ గుండె పాఠంలో ఉంటుంది, హార్మోన్లు వేరే పాఠంలో ఉంటాయి. రెండూ ఎక్కడా కలవవు. నిజానికి 27 కార్బన్ల కొలెస్ట్రాల్‌ను కత్తిరించుకుంటూ పోతేనే 19 కార్బన్ల టెస్టోస్టిరాన్, 18 కార్బన్ల ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజన్ తయారవుతాయి. బాగా చెప్పే మాస్టార్లు ఇంతవరకూ చెబుతారు. అలా పుట్టిన ఈస్ట్రోజనే మళ్లీ కొలెస్ట్రాల్ మీద అజమాయిషీ చేస్తుందన్న సంగతి మాత్రం చెప్పరు.

ఆ అజమాయిషీ కాలేయంలో జరుగుతుంది. కాలేయ కణాల మీద ఎల్‌డీఎల్ రిసెప్టర్లు ఉంటాయి. వీటి గుట్టు విప్పినందుకే శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. రిసెప్టర్‌ను షేర్ ఆటో అనుకోండి. రక్తమనే స్టాండులో ఎల్‌డీఎల్ రేణువును ఎక్కించుకుని కణం లోపలికి పోతుంది. అక్కడ ఆమ్లత పెరగగానే పట్టు సడలి రేణువు దిగిపోతుంది, ఖాళీ ఆటో మళ్లీ స్టాండుకొస్తుంది. ఒక్కో ట్రిప్పు పది నిమిషాలు. దాదాపు 20 గంటల ఆయుష్షులో వందకు పైగా ట్రిప్పులన్నమాట! పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ వచ్చి అతుక్కుందా, లోపలికెళ్లిన ఆటో తిరిగి రాదు, రేణువుతో పాటే తుక్కు కింద పోతుంది. ఈస్ట్రోజన్ ఆటోల సంఖ్య పెంచుతుంది, పీసీఎస్‌కే9ను తగ్గిస్తుంది. టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ కూడా కొత్త ఆటోలను దించుతుంది. ఈ రెండు హార్మోన్లూ పడిపోతే ఆటోలు తగ్గుతాయి. ప్రయాణికులు ఎప్పటంత మందే ఉన్నా స్టాండు కిక్కిరిసిపోతుంది. ల్యాబ్ లెక్కపెట్టేది ఆ స్టాండులో నిలబడ్డవాళ్లనే. పచ్చసొన పారేసినంత మాత్రాన ఆటోలు పెరగవు.

మరి హార్మోన్లు ఎందుకు పడిపోయాయి? తిండి చాలక. తిన్న క్యాలరీల్లోంచి ప్రాక్టీసుకు ఖర్చయినవి తీసేస్తే మిగిలేదే ఒంటికి దక్కే శక్తి. పరిశోధకురాలు ఆన్ లౌక్స్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో, కొవ్వు మినహా శరీర బరువులో కిలోకు రోజుకు 30 క్యాలరీల కన్నా తక్కువ దక్కిన స్త్రీలలో అయిదు రోజులకే ఎల్‌హెచ్ హార్మోన్ లయ తప్పింది. మెదడు అండాశయాలకు పంపే కబురు అది. అది సరిగా అందకపోతే ఈస్ట్రోజన్ పడిపోతుంది, నెలసరి ఆగిపోతుంది. పాప బరువు 48 కిలోలు, అందులో కొవ్వు పోను 40 కిలోలు అనుకుందాం. ప్రాక్టీసులో 600 క్యాలరీలు కరిగితే, రోజుకు 1,800 తిన్నా ఆ 30 క్యాలరీల గీత అంచునే ఉన్నట్టు. నిశ్చింతగా ఉండాలంటే కిలోకు 45 చొప్పున లెక్కేసి, ప్రాక్టీసు ఖర్చు 600 కలిపి 2,400 తినాలి. వాటిలో అన్నం, పప్పు, నెయ్యి, పచ్చసొనలకు నిక్షేపంగా చోటుంది. మగపిల్లలు కూడా దీనికి అతీతులు కారు. వాళ్లకు టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. నెలసరి లాంటి బాహ్య గుర్తు లేక ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది, అంతే.

అయితే నెలసరి ఆగిన ప్రతి అమ్మాయిదీ తిండి సమస్యే అని తేల్చేయకూడదు. గర్భం లేదని చూడాలి, థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పరీక్షలు చేయించాలి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే వంశపారంపర్యంగా రిసెప్టర్ లోపం ఉందేమో డాక్టరు చూస్తారు. ఎముకల సాంద్రతకు డెక్సా స్కాన్ కూడా అవసరం కావచ్చు. నెలసరి రప్పించడానికని మాత్రం గర్భనిరోధక మాత్రలు మొదలెట్టొద్దు. మాత్ర వేసుకుంటే నెలనెలా రక్తస్రావం కనిపిస్తుంది, తిండి లోటు అలాగే ఉంటుంది, పైగా అది తీరిందో లేదో తెలుసుకునే ఒక్క గుర్తూ చెరిగిపోతుంది.